యాంటీవైరస్ తీసేయమనే సలహా తప్పు

కంప్యూటర్ నెమ్మదించిందని షాపుకు తీసుకెళ్తే మొదట వినిపించే మాట ఒకటే: "యాంటీవైరస్ మెమరీ అంతా తినేస్తోందండీ, తీసేస్తే ఫాస్ట్ అయిపోతుంది." నగరంలోని సర్వీస్ సెంటర్ నుంచి మండల కేంద్రంలో జిరాక్స్ షాపు పక్కనున్న చిన్న దుకాణం దాకా ఇదే వైద్యం. అమెరికా నుంచి వీడియో కాల్‌లో నాన్నకు సలహా చెప్పే కొడుకు కూడా ఇదే చెబుతున్నాడు. అందరూ అంటున్నారు కాబట్టి నిజమే అనుకుంటున్నాం. ఇది నిజం కాదు. పైగా ప్రమాదకరం.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అందులో 'యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అన్న పేరుతో, మామూలు రోజుల్లో రెండు మూడు వందల ఎంబీలు వాడుతూ కనిపిస్తుంది. ఆ అంకె చూపించే మనల్ని భయపెడతారు. కానీ మనం తెరిచే ప్రతి ఫైలునూ అది తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లతో పోల్చి చూడాలి. ఆ ఆనవాళ్లను మెమరీలో సిద్ధంగా పెట్టుకోకుండా ప్రతిసారీ డిస్క్ నుంచి చదివితే కంప్యూటర్ ఇంకా నెమ్మదిస్తుంది. అసలు ర్యామ్ ఉన్నదే వాడుకోవడానికి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను విండోస్ తనంతట తానే ఇటీవల వాడిన ఫైళ్లతో నింపుకుంటుంది, అవసరం రాగానే వదిలేస్తుంది. ఎనిమిది జీబీలో సగానికి పైగా నిండి కనబడటం జబ్బు కాదు.

అదే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ ఎంత వాడుతోందో చూడండి. చాలా ఇళ్లలో యాంటీవైరస్ కంటే అదే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పక్కనే డిస్క్ అన్న గడి ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అది పదే పదే నూరు శాతానికి చేరుతుంటే మెషీన్ నత్తనడకకు కారణం అక్కడే ఉంది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే వేగం యాంటీవైరస్ తీసేస్తే రాదు.

యాంటీవైరస్‌లో లోపాలే ఉండవని నేను అనడం లేదు. నిజంగానే మెమరీ లీక్ అయ్యే సందర్భాలు ఉన్నాయి. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. స్కాన్ నడుస్తున్నప్పుడు అంకె పెరిగి, అయ్యాక తగ్గితే అది పని చేస్తోందని అర్థం. ఏ పనీ లేకపోయినా గంట గంటకూ పెరుగుతూ, ఎప్పటికీ తగ్గకపోతే అది లీక్. అప్పుడు చేయాల్సింది యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయడం. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న విండోస్ షట్‌డౌన్‌లో కెర్నల్‌నూ సర్వీసులనూ డిస్క్ మీద దాచి, తర్వాత అక్కడి నుంచే మొదలుపెడుతుంది. దాంతో లీక్ అయిన సర్వీసు అలాగే తిరిగొస్తుంది. "రోజూ ఆఫ్ చేసి ఆన్ చేస్తున్నానండీ, అయినా అంతే" అనేవాళ్లకు ఈ ఒక్క సంగతీ ఎవరూ చెప్పరు.

ఈ మధ్య ఒక ఆడిటర్ ఆఫీసులో జరిగింది చెబుతాను. వారానికోసారి పని వేళల్లో ఒక కంప్యూటర్ కదలనని మొండికేసేది. యాంటీవైరస్ మెమరీ ఒక జీబీ దాటిపోయేది. తీసేయమని టెక్నీషియన్ అప్పటికే చెప్పేశాడు. డిఫెండర్‌కు సొంత పరీక్షా పరికరం ఒకటుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రికార్డింగ్ మొదలుపెడితే, ఏ ఫైలును స్కాన్ చేయడానికి ఎంతసేపు పట్టిందో నివేదిక ఇస్తుంది. ఆ కంప్యూటర్‌లో దాన్ని నడిపితే వచ్చిన నివేదికలో పైనున్న వరుసలన్నీ ఒకే ఫోల్డర్‌వి. ఏళ్ల తరబడి రోజూ తీసిన ట్యాలీ బ్యాకప్‌ల జిప్ ఫైళ్లు డెస్క్‌టాప్ మీదే పేరుకుపోయి ఉన్నాయి. ఫుల్ స్కాన్‌ను మధ్యాహ్నం పని వేళల్లో పెట్టారు. అది ఒక్కో జిప్‌నూ విప్పి లోపల చూస్తోంది. పాత బ్యాకప్‌లను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి మార్చి, స్కాన్‌ను భోజన విరామానికి జరిపితే సమస్య పోయింది. బ్యాకప్‌లు ఉండాల్సింది కూడా ఆ వేరే డిస్క్‌లోనే కదా!

కంప్యూటర్ నెమ్మదించడానికి ఇంకో కారణం మన దగ్గర చాలా మామూలు. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్ యాంటీవైరస్ ఒకటి వస్తుంది. దాని గడువు అయిపోతుంది. షాపువాళ్లు దాన్ని అలాగే ఉంచి పైన మరొకటి వేస్తారు. బయటి కంపెనీ యాంటీవైరస్ వస్తే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది గానీ, బయటివి రెండూ ఒకదానికొకటి తప్పుకోవు. ఒకే ఇంటికి ఇద్దరు కాపలాదారులను పెట్టి, ఒకరినొకరు సోదా చేసుకోమన్నట్టు ఉంటుంది వాటి పని. ఒకటే ఉంచండి. రెండోదాన్ని ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తో తీయండి. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీస్తే ఒక్కోసారి దాని డ్రైవర్లు మిగిలిపోతాయి.

మెమరీ క్లీనర్లను మాత్రం దగ్గరికి రానీయొద్దు. ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీదికి నెట్టి, చూడండి ఖాళీ అయిందని చూపిస్తాయి. మరుక్షణం అదే మళ్లీ డిస్క్ నుంచి చదవాలి.

యాంటీవైరస్‌ను తీసేయలేని చోట సీ డ్రైవ్ మొత్తాన్ని, స్కాన్ చేయొద్దని చెప్పే ఎక్స్‌క్లూజన్ జాబితాలో పెట్టడం ఇంకో చిట్కా. అది తీసేసినంత పనే. కంప్యూటర్‌లోకి దూరిన మాల్వేర్ మొదట చేసే పనుల్లో తన ఫోల్డర్‌ను ఆ జాబితాలో చేర్చుకోవడం ఒకటి. దొంగ చేసే పనిని మనమే ముందుగా చేసి పెట్టడం ఎందుకు? క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ కూడా "ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అనే అడుగుతుంది. అలా ఆఫ్ చేసిన కంప్యూటర్లలోనే బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోతున్నాయి, బ్యాంకు లాగిన్లు పోతున్నాయి.

యాంటీవైరస్ వద్దనేవాళ్లు రెండు ఉదాహరణలు చూపిస్తారు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుని పట్టేసింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల కంప్యూటర్లు కూలబడ్డాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటోను దేశమంతా చూసింది. రెండూ ఆ కంపెనీల తప్పులే, గట్టిగా నిలదీయాల్సినవే. సరిగా పరీక్షించకుండా అందరికీ ఒకేసారి అప్‌డేట్ పంపడం క్షమించరానిది. కానీ అవి ర్యామ్ ఎక్కువ వాడినందువల్ల వచ్చినవి కావు. రక్షణ అక్కర్లేదని అవి రుజువు చేయవు.

రక్షణను వాయిదా వేస్తే ఏమవుతుందో 2017 మే నెలలో చూశాం. వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. అది వేసుకోని కంప్యూటర్లకు ప్రపంచమంతటా తాళం పడింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవీ ఉన్నాయి. యాంటీవైరస్ తీసేసే చేతులే స్పీడు పేరుతో విండోస్ అప్‌డేట్లనూ ఆపేస్తున్నాయి.

ఈసారి షాపులో తీసేస్తానంటే, ముందు టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ, డిస్క్ గళ్లు చూపించమని అడగండి. ఇప్పటికే తీసేసి ఉంటే ఈ రాత్రే విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. ఎక్స్‌క్లూజన్ల జాబితాలో మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే వెంటనే తీసేయండి. సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే టూల్‌తో ఒకసారి పూర్తిగా స్కాన్ చేయించండి.