వేడి ఎక్కడికి పోతుంది?

సంచికకు ఏదైనా వ్యాసం ఇవ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, "సైన్సు విద్యార్థివి గదా, సైన్సు మీద వ్రాయి, రాజకీయం వద్దు" అన్నారు. సరేనన్నాను. అయితే నాకు తెలిసిన సైన్సులో సగం ప్రయోగశాలలో నేర్చింది కాదు. నాచారంలో ఒక పై అంతస్తు గదిలో, ఆరు గ్రాఫిక్స్ కార్డుల ముందు బనీను పిండుకుంటూ నేర్చింది. దాని గురించే వ్రాస్తున్నాను. ఇందులో రాజకీయం ఉందో లేదో చదివేవారే తేల్చుకోవాలి.

మాది జనగామ దిక్కు. వరంగల్ రోడ్డు నుంచి వచ్చేవాడికి హైదరాబాదు అంటే చార్మినారు కాదు, ఉప్పల్ రింగురోడ్డు. 2021 సెప్టెంబరులో కాలేజీలు తెరిచాక ఇంటర్మీడియట్ చదువుకని మూటాముల్లెతో అక్కడే దిగి, నాచారం పారిశ్రామికవాడలో పని చేసుకుంటున్న మా చిన్నాయన కొడుకు గదిలో చేరాను. నెల తిరక్కుండానే ఆ గదిలోకి మూడో మనిషి వచ్చి కూర్చున్నాడు. అదే ఆ యంత్రం.

తెలియనివారి కోసం రెండు మాటలు. 2009లో బిట్‌కాయిన్ అనేది మొదలైంది. ఎవరి దగ్గర ఎంత ఉందో చెప్పే చిట్టా ఏ బ్యాంకు దగ్గరా ఉండదు, ప్రపంచమంతటా ఉన్న వేల కంప్యూటర్ల దగ్గర ఉంటుంది. ఆ చిట్టాలో కొత్త పుట చేర్చే హక్కు కోసం కంప్యూటర్లు పోటీ పడతాయి. పోటీ అంటే పెద్ద విద్య ఏమీ కాదు, ఒక సంఖ్యను గుడ్డిగా ఊహిస్తూ పోవడమే. ఎవరి ఊహ ముందుగా ఫలిస్తే వారికి కొత్త నాణేలు. దీన్నే మైనింగ్ అన్నారు. ఈథీరియం అనే మరో నాణేన్ని ఆ రోజుల్లో మామూలు గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే వీలుండేది. అందుకే ఇంట్లో యంత్రం కట్టుకునే కుర్రవాళ్ళంతా దాని మీద పడ్డారు. 2021లో ఆ కార్డుల ధర రెండింతలు, ఒక్కోసారి మూడింతలు పలికింది.

అన్న తన పొదుపూ, చిన్నాయన పత్తి అమ్మిన డబ్బూ కలిపి రెండు లక్షల ముప్పై వేలు పెట్టాడు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లెక్కి దిగి పాత కార్డులు ఆరు ఏరుకొచ్చాం. రాణీగంజ్ నుంచి చిల్లుల ఇనుప యాంగిల్ తెచ్చి, రంపంతో కోసి, నట్లు బిగించి మంచం లాంటి చట్రం కట్టాం. కార్డులను బోర్డుకు నేరుగా గుచ్చడానికి చోటుండదు గనుక రైజర్ అనే చిన్న పలకల మీద జానెడు జానెడు ఎడంగా నిలబెట్టాలి. ఇక్కడే మొదటి పాఠం. రైజర్‌కు కరెంటివ్వడానికి హార్డ్ డిస్కుకు వాడే సాటా పిన్ను వాడాం, చేతికి దొరికింది గదా అని. ఆ పిన్ను పన్నెండు వోల్టుల దారి మీద మోయగలిగింది 54 వాట్లు. కార్డు ఆ దారిన లాగగలిగింది 75 వాట్లు. మూడోనాటి రాత్రి కాలిన వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు, మా బోరు మోటరు వైండింగు కాలినప్పుడల్లా వచ్చేదే. లేచి స్విచ్చి కట్టేశాను. మర్నాడు ఆరు పిన్నుల లావు తీగలు వేశాం. ఇంటివారి పాత వైరింగులో ఒక్క ఫ్యాను సాకెట్టు మీద ఇంత భారం వేయకూడదన్న సంగతి కూడా ప్లగ్గు నల్లబడ్డాకనే తెలిసింది. అన్న దాన్ని ఇంటి ఓనరుకు చూపించలేదు. చూపించవలసింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫ్యాను గాలిని కదిలిస్తుంది, మోటరు నీళ్ళను పైకెత్తుతుంది. ఈ యంత్రం దేన్నీ ఎత్తదు, దేన్నీ కదపదు. మింగిన ప్రతి యూనిట్టూ 860 కిలోకాలరీల వేడిగా గదిలోనే కక్కుతుంది. మొదట మాది దాదాపు పన్నెండు వందల వాట్లు లాగేది. అంటే హైదరాబాదు మే నెలలో, స్లాబు కింద గదిలో, రాత్రీ పగలూ రూమ్ హీటరు వెలిగించుకోవడమే.

టేబుల్ ఫ్యాను పెట్టాం. ఫ్యాను వేడిగాలినే గుండ్రంగా తిప్పింది. కిటికీకి పన్నెండంగుళాల ఎగ్జాస్టు బిగించాం. వేడి బయటికి పోయి, పక్కనే ఉన్న రెండో కిటికీలోంచి తిరిగి లోపలికే వచ్చింది. లోపలికొచ్చే దారి ఒక గోడన, బయటికి పోయే దారి ఎదుటి గోడన ఉండాలి. ధాన్యం తూర్పారపట్టే రైతు గాలివాలు చూసుకుని నిలబడడూ, అంతే సంగతి. ఆ రాత్రి నేను ఒక కాగితం మీద లెక్క వేశాను. ఒక కిలోవాట్ వేడిని మోసుకుపోతూ గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు తొంభై లీటర్ల గాలి కదలాలి. బయట గాలే 41 డిగ్రీలుంటే యంత్రం దాటేసరికి 51. ఆ గాలిలో మేం పడుకోవాలి.

కూలరు పెడదామన్నాడు అన్న. దానికీ లెక్క ఉంది. ఒక కిలోవాట్ వేడిని నీటి ఆవిరితో పోగొట్టాలంటే గంటకు లీటరున్నర నీరు ఆవిరి కావాలి, రోజుకు 36 లీటర్లు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం డ్రమ్ములు వరుసగా పెట్టే బస్తీలో మూడు బిందెల నీళ్ళు యంత్రానికి! పైగా బోరు నీటి ఉప్పు గడ్డి తడకల మీద తెల్లగా పేరుకుంది, తడిగాలి కార్డుల మీద చేరింది. వారం రోజులకే తీసేశాం. ధూళి సంగతి చెప్పనే అక్కరలేదు. 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన నారపల్లి ఫ్లైఓవరు పనుల దుమ్మూ, ఫ్యాక్టరీల దుమ్మూ కలిసి కార్డుల రెక్కల మధ్య దూదిలా పట్టేది. కిటికీకి దోమతెర కట్టి, ఆదివారం ఆదివారం బ్లోయరు కొట్టేవాణ్ణి.

నిజంగా పనిచేసిన ఉపాయానికి పైసా ఖర్చు కాలేదు. చిప్పు తాగే కరెంటు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 1.15 వోల్టుల నుంచి 0.9కి దించితే 0.61 వంతుకు పడిపోతుంది. ఈథీరియం పనికి కావలసింది కార్డు జ్ఞాపకశక్తి వేగమే గాని లెక్కలు చేసే భాగం వేగం కాదు గనుక సంపాదన తగ్గలేదు. మొత్తం తొమ్మిది వందల వాట్లకు దిగింది. పుట్టిన వేడిని తరమడం కంటే పుట్టకుండా చూడడం మేలని ఆ రోజు తెలిసింది. ఇంత సంతోషం నాకు ఇంటర్ ఫిజిక్సు ప్రాక్టికల్స్‌లో ఏనాడూ కలగలేదు సుమా!

ఆ సంతోషంలో ఉండగానే పక్కింటావిడ వచ్చింది. మా ఎగ్జాస్టుకూ వాళ్ళ కిటికీకీ మధ్య మూడడుగుల సందు. కూతురు కాన్పుకు వచ్చి ఉంది. "బాబూ, మీ ఫ్యాను గాలి సక్కగ మా ఇంట్లకే కొడుతుంది. పసిపిల్ల రాత్రంత ఒకటే ఏడుపు. కిటికీ మూస్తే ఉడుకు, తెరిస్తే మీ గాలి. ఏం జెయ్యమంటరు?" అంది. కోపంగా అనలేదు, అదే కష్టంగా ఉండింది. మాకు అప్పటిదాకా వేడి "బయటికి" పోతున్నదనే లెక్క. నా కాగితంలో బయట అంటే అనంతమైన ఆకాశం. నాచారంలో బయట అంటే పక్కింటివాళ్ళ మంచం.

అన్న నాలుగు రోజులు తాత్సారం చేశాడు. ఆ నాలుగు రాత్రులూ ఆ పిల్ల ఏడుపు నేను విన్నాను. చివరికి పారిశ్రామికవాడలో తెలిసిన రేకుల పనివాని చేత మలుపు గొట్టం చేయించి వేడిని డాబా మీదికి ఎక్కించాం. మలుపు దగ్గర గాలి నలిగి ధాటి తగ్గింది, రెండు కార్డులు పగలు ఆపవలసి వచ్చింది. ఆ నష్టం మాది. అది మొదటి రోజు నుంచే మాది కావలసింది.

ఇప్పుడు డబ్బు సంగతి. మంచి నెలలో ఇరవై వేల దాకా వచ్చింది, కరెంటుకు దాదాపు ఆరు వేలు పోయింది. ఇంటి మీటరు గదా, 400 యూనిట్లు దాటితే యూనిట్టు 9 రూపాయల పైనే. ఒకనాడు అన్న ఊరికి ఫోన్ చేసి, "యంత్రాన్ని బాయికాడ పెడదాం, ఆడ కరెంటు ఫ్రీ" అన్నాడు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్న మాట నిజమే. మా నాయిన ఒక్కటే మాటన్నాడు: "మోటరుకిచ్చిన కరెంటు మోటరుకే. ఇంకోసారి అనకు." అన్నకు కోపమొచ్చింది. నాయిన పక్షమే నాది. ఈ ప్రశ్నకు రెండో వైపు ఉందని నేను అనుకోను.

ఆ తర్వాత మా ఊరి బోర్లు నాకు వేరే విధంగా గుర్తుకొచ్చాయి. మొదట బాయి ఉండేది. తర్వాత ఒకాయన 150 అడుగుల బోరు వేశాడు, నీళ్ళు పడ్డాయి. పక్కాయన 300 వేశాడు, మొదటివాడిది ఎండింది. మొదటివాడు అప్పు చేసి 600 వేశాడు. మాది నల్లరాతి నేల, నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి. లోతుకు పోయిన కొద్దీ నీరు పుట్టదు, ఉన్న నీరే చేతులు మారుతుంది. 2002లో వాల్టా చట్టం వచ్చినా మా దిక్కున రిగ్గు లారీ ఆగలేదు. మైనింగ్ సరిగ్గా ఇదే. పోటీదారులు పెరిగితే లెక్క కఠినమవుతుంది. బిట్‌కాయిన్‌లో ప్రతి 2,016 పుటలకు, అంటే సుమారు రెండు వారాలకు, కఠినత్వాన్ని సవరిస్తారు. ఎన్ని కొత్త యంత్రాలు వచ్చి చేరినా సుమారు పది నిమిషాలకు ఒక్క పుటే. నువ్వు పది యంత్రాలు పెడితే నాణేలు ఎక్కువ పుట్టవు, పక్కవాడి వంతు తగ్గుతుంది. వాడు ఇరవై పెడతాడు. పెరిగేది కరెంటూ వేడీ మాత్రమే. భూగర్భ జలాల మీద ఎన్నో ఏళ్ళుగా పరిశోధన చేసే ఎన్.జి.ఆర్.ఐ. మా గదికి నాలుగడుగుల దూరంలో ఉప్పల్ రోడ్డు మీదనే ఉంది. దాని గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోతూ కూడా నాకు ఈ పోలిక తట్టడానికి ఏడాది పట్టింది.

2021 నవంబరులో 4,800 డాలర్లు దాటిన ఈథీరియం 2022 జూన్‌లో వెయ్యి కిందికి పడింది. అన్న నాణేలు అమ్మకుండా దాచుకున్నాడు, ఇంకా పెరుగుతుందని. ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను వచ్చింది. చివరికి 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతినే మార్చుకుని ఈ గుడ్డి ఊహల పోటీని పూర్తిగా ఎత్తేసింది. దాని విద్యుత్తు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. మేం ఏడాది పాటు గొట్టాలు వేసి, తెరలు కట్టి, వోల్టులు దించి చేసిన చాకిరీ ఆ చిట్టాకు అవసరమే లేదని అంతటితో తేలింది. లక్షకు పైగా నష్టం. చిన్నాయన ఆ ఏడాది విత్తనాలకు షావుకారి దగ్గరికి పోయాడు.

ఇదంతా పాత కథ గదా అంటారేమో. కాదు. ఈ ఏడాది హాస్టళ్ళలో బిట్‌యాక్స్ అనే చిన్న బోర్డులు కనబడుతున్నాయి. దాని నమూనా అందరికీ బాహాటం, ఎవరైనా చేసుకోవచ్చు. ఒకే చిప్పు, పదిహేను ఇరవై వాట్లు, వేగం సెకనుకు ఒక టెరాహాష్ దరిదాపు. 2025లో బిట్‌కాయిన్ ప్రపంచం మొత్తం వేగం వెయ్యి ఎక్సాహాష్‌లకు చేరింది. అంటే మన బోర్డు వంతు వంద కోట్లలో ఒకటి. ఏడాదికి పుటలు 52,560. భాగించి చూడండి, సగటున పంతొమ్మిది వేల ఏళ్ళకు ఒక్కసారి! లాటరీ టికెట్టు అనుకుని కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు, అది తినే కరెంటు ఒక బల్బంత. సంపాదన అనుకుంటేనే అభ్యంతరం.

ఈ కుర్రవాళ్ళను జూదగాళ్ళని తీసిపారేసే పెద్దలతోనూ నాకు పేచీ ఉంది. వోల్టేజి దించితే వేడి ఎంత తగ్గుతుందో చేత్తో ముట్టి తెలుసుకున్నవాడిని మన ఫిజిక్సు విభాగం పిలిచి ఒక బల్ల, ఒక క్లాంప్ మీటరు, ఒక థర్మోకపుల్ ఇవ్వవచ్చు. గొట్టం మలుపులో గాలి ఎంత నష్టపోతుందో కొలవమనవచ్చు. మా అన్న ఈనాడు నాచారంలోనే కరెంటు ప్యానెల్ పెట్టెలకు గాలి దారులు పెట్టే పని చేస్తున్నాడు. ఆ పని వానికి ఏ కాలేజీ నేర్పలేదు. "పెద్ద కంపెనీల డేటా సెంటర్లు నగరం చుట్టూ వెలుస్తున్నాయి, అమెజాన్ వాళ్ళది 2022లోనే మొదలైంది, వాటిని అడగవేం?" అని ఒక మిత్రుడన్నాడు. అడగవలసిందే. నీరెంత, కరెంటెంత, వేడి ఎవరి ఊరి మీదికి అని అడగవలసిందే. కాని మూడడుగుల సందులో పసిపిల్ల మీదికి వేడి తోలినవాడికి ఆ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది.

మొన్న జూనియర్ ఒకడు పాత కార్డులు చవకగా వస్తున్నాయని, ఏదో కొత్త నాణెం తవ్వుతానని సలహాకు వచ్చాడు. మక్కలమ్మిన డబ్బు ఇంట్లో ఉందట. నా లెక్కల కాగితాలన్నీ ఇచ్చాను. రైజర్‌కు సాటా పిన్ను పెట్టవద్దని చెప్పాను. రామంతపూర్‌లో గది అన్నాడు. కిటికీ ఎటువైపు అని అడిగితే, చూసి చెబుతానన్నాడు.