బండి స్టార్ట్ చేసి టీకి వెళ్లిపోకండి

ఈ మాట కొంతమందికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. ధనుర్మాసం వచ్చిందంటే మన ఊళ్లలో తెల్లారగట్ల ట్రాక్టరో, కొబ్బరికాయల లారీయో స్టార్ట్ చేసి "ఇంజను వేడెక్కనీ" అని వదిలేసి టీకి వెళ్లిపోతారు. పావుగంట, ఇరవై నిమిషాలు. పొగంతా పక్కింటి వాకిట్లోకే.

అసలు మనకుండే చలెంతండీ? మఫ్లర్ చుట్టుకుంటే ఆగే చలి. ఇక్కడ డీజిలు గడ్డకట్టదు, ఆయిలు చిక్కబడి కదలకుండా పోదు. అది లడఖ్ వాళ్ల బాధ.

పైగా డీజిలు ఇంజను నిలబెట్టి తిప్పితే త్వరగా వేడెక్కదు. అప్పుడు పడే డీజిలు చాలా తక్కువ, లాగే గాలి మాత్రం ఎక్కువ. లోపల చల్లగా ఉంటే డీజిలు పూర్తిగా మండదు. మండనిది సిలిండర్ గోడల మీదున్న ఆయిలు పొరని కడిగేసి కిందకి దిగి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు తగ్గాల్సింది పోయి పెరిగిందా? అనుమానించాల్సిందే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. ఊరికే తిప్పితే అది మసితో పూడిపోతుంది, తర్వాత ఖర్చు మామూలుగా ఉండదు.

డీజిలు సంగతీ చూడండి. ట్రాక్టరు నిలబడి తిరిగినా గంటకి సుమారు లీటరు తాగుతుంది. రోజూ అరగంటంటే నెలకి 15 లీటర్లు. మడిలో ఒక్క చాలు కూడా దున్నకుండా పోయే డీజిలది.

మరి ఏం చేయాలి? స్టార్ట్ చేశాక అర నిమిషం, మహా అయితే నిమిషం ఆగండి. ఆయిలు అన్ని చోట్లకీ అందుతుంది. ఆ టైంలో ఎక్సలేటర్ తొక్కి గయ్‌మనిపించొద్దు. తర్వాత గట్టు మీద నెమ్మదిగా తోలండి, 216 హైవే ఎక్కేసరికి ఇంజను దారిలోకొస్తుంది. గేర్‌బాక్సు, హబ్బులూ కూడా బండి కదిలితేనే వేడెక్కుతాయి.

ఎయిర్ బ్రేకుల లారీ వేరే లెక్క. మీటర్లో ఎయిర్ ఎక్కేదాకా ఆగాల్సిందే, అందులో తొందరపడొద్దు. అది బ్రేకుల కోసం, ఇంజను కోసం కాదు.

మనవాళ్లు నిజంగా ఆగాల్సిన చోట మాత్రం ఆగరు. అంబాజీపేట నుంచి ఫుల్ లోడుతో వచ్చి, వచ్చీ రాగానే టక్కున ఆపేస్తారు. అప్పుడు టర్బో కాలిపోతూ ఉంటుంది, ఇంజను ఆగితే దానికి ఆయిలు కూడా ఆగిపోతుంది. ఒకటి రెండు నిమిషాలు తిరగనిచ్చి అప్పుడు ఆపండి.