ఒక్క ఓటు నేర్పిన పాఠము

పొత్తు కూడుట వేరు, పొందిక కుదురుట వేరు. ఈ భేదమును మరచిన రాజకీయ పక్షములు మంత్రివర్గములను కట్టిన చేతులతోనే కూల్చుకొనుచున్నవి. సంకీర్ణ ప్రభుత్వ మనగానే అది నిలువదని పెదవి విరుచువారు పెక్కుమంది. దోషము సంకీర్ణమున నున్నదా, దానిని కూర్చిన తీరున నున్నదా యని విచారించువారు మాత్రము అరుదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. 140 మంది సభ్యులు గల శాసనసభలో ఏ పక్షమునకును స్వంతముగా ఆధిక్యము లేదు. ప్రజా సోషలిస్టు పక్షమును వీడివచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు కాంగ్రెసు తోడ్పాటుతో ముఖ్యమంత్రి యైరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. పదమూడు నెలలు నిండెనో లేదో, 1954 నవంబరు 6న, మద్యనిషేధము ప్రధాన వివాదముగా వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గెను. ఆంధ్రము రాష్ట్రపతి పాలనకు లోనయ్యెను.

దాదాపు నలువదేండ్ల తరువాత, కమ్యూనిస్టు పాలన తొలగిన పోలెండులో ఇదే కథ మరల నడచెను. 1991 ఎన్నికలలో 29 పక్షములు ఆ దేశపు దిగువ సభలో ప్రవేశించినవి. 1992లో ఏడు పక్షముల కలయికతో ఏర్పడిన హన్నా సుహొత్స్కా ప్రభుత్వము 1993 మే 28న ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. ఆ తీర్మానమును తెచ్చినవారు పాతపాలకులు కారు. వారిని ఎదిరించిన సాలిడారిటీ కార్మిక సంఘపు సభ్యులే!

ఇంతవరకు రెండు కథలును ఒక్కటే. తరువాతి అడుగులే వేరు. ఆంధ్రలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఎన్నికలకు ముందే కూటమి కట్టి, 1955లో 196 స్థానములకు 146 గెలిచినవి. పోలెండులో పాతపాలనను ఎదిరించిన పక్షములు విడివిడిగా నిలిచినవి. నూటికి ఐదు ఓట్లు రాని పక్షమునకు స్థానము లేదను కొత్త నియమము వానిలో పెక్కింటిని సభకు వెలుపల నిలిపెను. పాతపాలకుల వారసులును కర్షకపక్షమును నూటికి సుమారు 36 ఓట్లతోనే 460 స్థానములకు 303 పొందిరి.

అయినను ఆంధ్ర కూటమి గెలుపును చూచి మురియుట తగదు. నూటికి 31 ఓట్లు పొందిన కమ్యూనిస్టులకు నాడు దక్కినవి 15 స్థానములే. స్థానముల లెక్క జనాభిప్రాయమునకు సరియైన కొలత కాదు. కావుననే పొత్తునకు నీతి యవసరము. ఏ విషయమున ఏకీభావమో, ఏ విషయమున భేదమో భాగస్వాములు ఎన్నికలకు ముందే ఓటరు ఎదుట వ్రాసి చూపవలెను. సభలో ఏదో ఒకనాడు తలయెత్తక తప్పని వివాదమును పొత్తు నాడే తేల్చుకొనవలెను.

కూల్చువానికిని బాధ్యత కలదు. 1949 నాటి జర్మనీ రాజ్యాంగమును, 1997 నాటి పోలెండు రాజ్యాంగమును ఒక మంచి నియమము చేసినవి: ఉన్న ప్రభుత్వాధినేతను దింపదలచిన సభ, ఆ తీర్మానముతోనే వారసుని ఎన్నుకొనవలెను. మన శాసనసభలకు ఇట్టి నియమము లేదు.

పౌరశాస్త్ర పాఠమున ఆధిక్య మనగా సగమునకు ఒకటి ఎక్కువ యని విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. ఆ ఒకటి ప్రభుత్వమును నిలుపగలదు, కూల్పగలదు. దానిని నమ్మదగినదిగా చేయునది మాత్రము సంఖ్య కాదు, ఇచ్చిన మాట.