నిరుద్యోగుల లెక్క: ఉపాధి కార్యాలయం అంకె ఒకటి, సర్వే అంకె మరొకటి.. ఎందుకిలా?

ఎన్నికలొస్తే చాలు, నిరుద్యోగంపై రెండు రకాల అంకెలు వినిపిస్తాయి. ఉపాధి కల్పన కార్యాలయాల్లో ఇన్ని లక్షల మంది పేర్లు నమోదయ్యాయని ఒకరంటారు. నిరుద్యోగ రేటు ఇంత శాతమేనని మరొకరంటారు. రెండూ ప్రభుత్వ లెక్కలే. కానీ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

చట్టం లెక్కించమన్నది దేన్ని?

ఖాళీలను ఉపాధి కార్యాలయాలకు తప్పనిసరిగా తెలపాలన్న కేంద్ర చట్టం 1959లో వచ్చింది. క్షేత్రస్థాయిలో అమలు రాష్ట్రాల చేతుల్లో ఉండేది. ప్రభుత్వ రంగ సంస్థలు, 25 మంది, అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థలు దీని పరిధిలోకి వచ్చేవి. ప్రైవేటు వ్యవసాయ రంగానికి మినహాయింపు ఉండేది. సంస్థలు సిబ్బంది, ఖాళీల వివరాలతో మూడు నెలలకోసారి రిటర్ను పంపాల్సి ఉండేది. ఖాళీ తెలపకపోతే తొలిసారి జరిమానా రూ.500కు మించేది కాదు. కార్యాలయం పంపినవారినే తీసుకోవాలన్న నిబంధనా లేదు. అంటే చట్టం లెక్కించమన్నది కొలువులను, కొలువు లేనివారిని కాదు.

మరి రిజిస్టర్‌లో ఉన్నదెవరు?

పేరు నమోదు స్వచ్ఛందం. ఇప్పటికే ఏదో పనిచేస్తూ మెరుగైన ఉద్యోగం కోసం పేరిచ్చినవారూ అందులో ఉంటారు. పని దొరకని అడ్డా కూలీ పేరు మాత్రం ఉండకపోవచ్చు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా కీలకం. కార్యాలయం పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లో ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసిన ఇతరులనూ పరిగణించాలని కోర్టు చెప్పింది. ఆ తర్వాత పేరు నమోదు చేయించుకోవాల్సిన అవసరం ఇంకా తగ్గింది.

శాతం ఎక్కడి నుంచి వస్తుంది?

జాతీయ గణాంక కార్యాలయం 2017 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన శ్రామిక శక్తి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) నుంచి. ఇందులోనూ రెండు కొలతలున్నాయి. 15 ఏళ్లు, ఆపై వయసువారిలో 2023–24 నిరుద్యోగ రేటు ఏడాది కొలత ప్రకారం 3.2 శాతం, వారం కొలత ప్రకారం 4.9 శాతం. వారంలో ఏదో ఒకరోజు గంటసేపు పనిచేసినా వారం కొలతలో ఉపాధి ఉన్నట్టే. కుటుంబ పొలంలో జీతం లేకుండా పనిచేసినా అంతే. గ్రూప్స్‌కు చదువుతూ, ప్రస్తుతానికి వేరే పని వద్దనుకునే అభ్యర్థి అసలు నిరుద్యోగుల జాబితాలోకే రారు.

విడుదల తేదీ ఎందుకు ముఖ్యం?

2017–18 నివేదికను జాతీయ గణాంక సంఘం 2018 డిసెంబరులోనే ఆమోదించింది. విడుదలలో జాప్యంపై అసంతృప్తితో పి.సి.మోహనన్, జె.వి.మీనాక్షి మరుసటి నెలలో సంఘం నుంచి తప్పుకొన్నారు. 6.1 శాతం నిరుద్యోగాన్ని చూపిన ఆ నివేదిక లోక్‌సభ ఎన్నికలు ముగిశాక, 2019 మే 31న బయటికొచ్చింది. 2025 నుంచి నెలవారీ అంకెలూ వస్తున్నాయి.

కొత్త కోడ్‌తో ఏం మారింది?

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 1959 చట్టం స్థానాన్ని తీసుకుంది. ఉపాధి కార్యాలయాలను కెరీర్ సెంటర్లుగా పేర్కొంది. 25 మంది పరిమితి 20కి తగ్గింది. అయితే ఇదీ ఖాళీల లెక్కే.

కాబట్టి ఈసారి ఏ నాయకుడు అంకె చెప్పినా మూడు విషయాలు చూడండి. అది రిజిస్టర్‌దా, సర్వేదా? వారం కొలతా, ఏడాది కొలతా? ఏ కాలానిది? ఇవి చెప్పకుండా నిరుద్యోగం తగ్గిందన్నా, పెరిగిందన్నా నమ్మడానికి ఆధారం లేనట్టే.