చింతపండు, నాయన మాత్రలు

పోయిన శుక్రవారం పులిహోరకి చింతపండు నానబెడుతుంటే కడప నుంచి అమ్మ వీడియో కాల్. "మీ నాయన మూడు దినాలుగా టీబీ మాత్రలు ముట్టలేదు పాపా. కండ్లు పోతాయని ఎవరో చెప్పినారంట."

ఆ భయం పూర్తిగా ఉత్తదేం కాదు. ఆ మాత్రల్లో ఇథాంబ్యుటాల్ ఉంటుంది. బీయస్సీ కెమిస్ట్రీ చదివి ఫర్వానియాలో పోపుల డబ్బాతో కాపురం చేస్తున్న నాకు ఆ పేరు వినగానే పాత నోట్సు గుర్తొచ్చింది.

ఈ అణువులో కుడి ఎడమల తేడా వచ్చే కార్బన్లు రెండున్నాయి. లెక్క ప్రకారం నాలుగు రూపాలు రావాలి, వచ్చేవి మూడే. ఇద్దరు కుడిచేతులు కలిపితే ఒక రూపం. అద్దంలో అదే రెండు ఎడమచేతులవుతుంది, అది రెండోది. మూడోది మన నమస్కారం. ఒక కుడి, ఒక ఎడమ. అద్దంలో చూసినా నమస్కారమే, అందుకే నాలుగోది లేదు. చింతపండు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లానిదీ ఇదే లెక్క. చెట్టు మాత్రం అందులో ఒక్క రూపాన్నే తయారుచేస్తుంది. 1848లో పాశ్చర్ ఆ ఆమ్లపు లవణం స్ఫటికాల్లో కుడివి, ఎడమవి పట్టకారుతో వేరుచేశాడు, మనం బియ్యంలో రాళ్ళేరినట్టు!

ఇథాంబ్యుటాల్‌లో ఒక రూపం క్షయ మీద దాని అద్దపు జోడీ కన్నా వందల రెట్లు బలంగా పనిచేస్తుంది. మాత్రలో ఉండేది అదే. పనికిరానివి కలిస్తే మోతాదు పెంచాలి, కంటికి ముప్పూ పెరుగుతుంది. (1961లో దీన్ని కనిపెట్టింది లెడర్లీ సంస్థ. మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిన చోటే, ఆయన పోయిన పదమూడేళ్ళకి.)

అయితే సరైన రూపం కూడా కొందరి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చూపు మసకబారడం, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోవడం దాని గుర్తులు. అలా అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. అంతేగానీ మనంతట మనం మాత్రలు మానేస్తే క్రిములు మందుకి లొంగకుండా మొండికేస్తాయి.

ఇదంతా నాయనకి చెబితే వినడు. ఎండుమిరపకాయ, పచ్చిమిరపకాయ కెమెరా ముందు పెట్టి రంగులడిగాను.

"ఎర్రది గుంటూరుది. పచ్చది మీ కువైట్‌ది, వాడిపోయింది," అన్నాడు.

నవ్వొచ్చినా, మిరపకాయలు కంటి పరీక్ష కాదుగా. మర్నాడే అమ్మ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఒక్కో కన్ను మూయించి అక్షరాలు చదివించారట, రంగుల పుస్తకం చూపించారట. చూపు బాగానే ఉందన్నారు. డాక్టరు చెప్పినట్టే మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, రెండు మిరపకాయలు పట్టుకుని నన్ను రంగులడుగుతున్నాడు.