మూడింటిలో ఒక్కటే ఎందుకు కూలింది?

2024 మే 19న ఇరాన్ అధ్యక్షుడు ఇబ్రహీం రైసీ అజర్‌బైజాన్ సరిహద్దులో ఒక డ్యామ్ ప్రారంభించి తబ్రీజ్ వైపు తిరుగు ప్రయాణమయ్యారు. ఆయన హెలికాప్టర్‌లోనే విదేశాంగ మంత్రి అమీర్ అబ్దుల్లాహియాన్, తబ్రీజ్ జుమా ఇమామ్ ఆలె హాషిమ్ ఉన్నారు. బయల్దేరినవి మూడు హెలికాప్టర్లు. రెండు క్షేమంగా దిగాయి. అధ్యక్షుడిది కొండల్లో కూలిపోయింది. అందులో ఉన్న ఎనిమిది మందీ చనిపోయారు.

విద్రోహం అన్నారు, ఇజ్రాయెల్ అన్నారు. అమెరికా ఆంక్షల వల్ల విడిభాగాలు దొరక్కే ఇలా జరిగిందని మాజీ మంత్రి జరీఫ్ అన్నారు. కూలిన బెల్ 212 డిజైన్ 1960ల నాటిది కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. అయితే సెప్టెంబర్‌లో ఇరాన్ సైన్యం ఇచ్చిన తుది నివేదిక కారణాన్ని వాతావరణానికే కట్టింది: ఉన్నట్టుండి పైకి లేచిన దట్టమైన పొగమంచు, ఎదురుగా కొండ.

మరి అదే ఆకాశంలో మిగతా రెండూ ఎలా బతికాయి? వాటిలో ఒకదానిలో ఉన్న అధ్యక్ష కార్యాలయ అధిపతి ఇస్మాయిలీ చెప్పింది వింటే కొంత అర్థమవుతుంది. బయల్దేరినప్పుడు వాతావరణం బాగానే ఉంది. ముప్పావుగంట తర్వాత ఒక మబ్బు కనబడింది. దాని పైకి ఎక్కమని అధ్యక్షుడి పైలటే మిగతావాళ్లకు చెప్పాడు. వాళ్లు ఎక్కారు. అర నిమిషం తర్వాత చూస్తే మధ్యలోని హెలికాప్టర్ లేదు! పైలట్ ఫోన్‌కు చేస్తే ఎత్తింది ఇమామ్ సాహెబ్. లోయలో పడ్డామన్నారు, ఇంకేమీ తెలియదన్నారు. రాత్రంతా వెతికితే తెల్లారాకే శకలాలు దొరికాయి.

ఇది చదువుతుంటే మన తెలుగువాళ్లకు 2009 సెప్టెంబర్ 2 గుర్తుకు రాకుండా ఉండదు. ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు వెళ్తూ నల్లమలలో కూలింది. ఐదుగురు పోయారు, ఆచూకీ మర్నాడు గానీ దొరకలేదు. ఇక్కడా పుకార్లే, 2010 జనవరిలో ఒక టీవీ కథనంతో రిలయన్స్ దుకాణాల మీద దాడులు కూడా జరిగాయి. విచారణ కమిటీ మాత్రం మబ్బుల్ని చూసి ఊరుకోలేదు, కాక్‌పిట్‌లోకీ తొంగి చూసింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ హెచ్చరిక వస్తే పైలట్లు ఆ గొడవలో పడి, ముందున్న తుఫాను మేఘాన్ని పట్టించుకోలేదని తేల్చింది.

ఇరాన్ విషయంలో కూడా అసలు చూడాల్సింది ఆ ముప్పావుగంట తర్వాతి క్షణాలే. ముందు మబ్బు, చుట్టూ కొండలు ఉన్నప్పుడు వెనక్కి తిరగడమో, ఎక్కడైనా దిగిపోవడమో కాకుండా ముందుకే పోవాలని ఎందుకు అనుకున్నారు? వెనక సీట్లో దేశాధ్యక్షుడు ఉంటే, "దిగిపోదాం సార్" అనడానికి ఏ పైలట్‌కైనా నోరు వస్తుందా?