రాజీనామా సంతకానికి ముందు

జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగేటప్పుడు మన మాటలు పిల్లల చదువులు, ఉద్యోగాల మీదికి మళ్ళడం సహజం. కొంతకాలంగా ఆ మాటల్లో ఒకే ప్రశ్న పదే పదే వినిపిస్తోంది. "చాచా, కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. నువ్వే రాజీనామా ఇచ్చి పో అంటున్నారు. ఇచ్చేసి వేరే పని చూసుకోనా? వాళ్ళే తీసేసి పరిహారం ఇచ్చేదాకా ఆగనా?" హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చునే అబ్బాయి అడిగేదీ, గల్ఫ్‌లో బండి నడిపే అతని అన్న అడిగేదీ ఈ ప్రశ్నే.

వరంగల్ వాసులమైన మనకు ఇది కొత్త ప్రశ్న కాదు. 1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, ఆయన పెద్ద కుమారుడి పేరున వెలసిన ఆజంజాహి మిల్లు ఈ ఊరికి అన్నం పెట్టింది. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా ఒకే సైరన్‌కు లేచి ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళారు. 1974 తర్వాత అది జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. నష్టాలు పెరిగాయి, 'స్వచ్ఛంద పదవీ విరమణ' అనే మాట పుట్టింది. చివరికి 2002లో మిల్లు మూతపడింది. ఆ మధ్య కాలంలో ఇంటింటా జరిగిన చర్చ ఒక్కటే: డబ్బు తీసుకొని బయటికి రావాలా, ఆగాలా?

ముందుగా వెళ్ళినవారిని పిరికివారన్నారు. చివరిదాకా ఉన్నవారిని అమాయకులన్నారు. ఆ రెండు మాటలూ న్యాయమైనవి కావు. అది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, లెక్కకు సంబంధించిన విషయం.

ఆ లెక్క ఎలాంటిదో చూద్దాం. 1988లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు పెట్టిన పథకం ప్రకారం, పనిచేసిన ప్రతి ఏడాదికి నెలన్నర జీతం ఇవ్వాలి. లేదా పదవీ విరమణకు ఇంకా ఎన్ని నెలలు మిగిలి ఉంటే అన్ని నెలల జీతం ఇవ్వాలి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే చేతికి వస్తుంది. 20 ఏళ్ళు పనిచేసి ఇంకా 10 ఏళ్ళ సర్వీసు ఉన్నవాడికి 30 నెలల జీతం వస్తుంది. అదే మనిషి మరో 8 ఏళ్ళు ఆగితే, సర్వీసు లెక్కన 42 నెలలు రావాలి. కాని మిగిలింది 24 నెలలే కాబట్టి అంతే వస్తుంది. ఆ 8 ఏళ్ళూ జీతం సరిగ్గా అందితే ఆగడం లాభమే. మిల్లు పడుతూ లేస్తూ ఉంటే మాత్రం ఆగేకొద్దీ పరిహారం కరిగిపోతుంది. ఈ నియమాల్లో తర్వాత మార్పులు వచ్చాయి. ఆగడానికీ ఒక ఖరీదు ఉంటుందన్న పాఠం మాత్రం మారలేదు.

ఇక నేటి విషయానికి వద్దాం. మన పిల్లలు రెండు వేర్వేరు డబ్బులను ఒకటిగా కలిపేసుకుంటున్నారు. మొదటిది గ్రాట్యుటీ. సాధారణంగా ఐదేళ్ళ సర్వీసు నిండితే, మనమే మానేసినా వాళ్ళే తీసేసినా అది మన హక్కు. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కకట్టి ఇస్తారు. మూల వేతనం, కరువు భత్యం కలిపి 30,000 రూపాయలున్నవాడికి ఆరేళ్ళకు లక్షా మూడు వేలకు పైగా వస్తుంది. రెండోది తొలగింపు పరిహారం. ఏడాదికి మించి పనిచేసిన కార్మికుణ్ణి తొలగిస్తే ఒక నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కోడ్ కూడా అదే లెక్కను నిలిపింది. స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి ఈ రెండోది రాదు. రాజీనామా ఇవ్వమని ఒత్తిడి చేయడంలోని కిటుకు ఇదే. మేనేజర్ల స్థాయి వారికి ఈ రక్షణ లేదు. వారు తమ నియామక పత్రంలో ఏముందో చూసుకోవాలి.

అంటే ఆరేళ్ళ సర్వీసు ఉన్న కార్మికుడు ఆగితే అదనంగా వచ్చేది మూడు నెలల వేతనం, నోటీసు నెల కలిపితే నాలుగు. చేతిలో వేరే ఉద్యోగం లేనివాడు ఈ నాలుగు నెలల జీతాన్ని ఊరకే వదులుకోకూడదు. చేతిలో మంచి ఉద్యోగం ఉన్నవాడు, వస్తుందో రాదో తెలియని నాలుగు నెలల జీతం కోసం ఆరు నెలలు ఎదురుచూడకూడదు. నాలుగున్నరేళ్ళ సర్వీసు ఉన్నవాడు మాత్రం కోపంతో సంతకం చేసే ముందు గ్రాట్యుటీని గుర్తు చేసుకోవాలి.

గల్ఫ్ సోదరులకూ ఇదే వర్తిస్తుంది. సౌదీ చట్టం ప్రకారం యజమాని తీసేస్తే మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం. మనమే మానేస్తే రెండేళ్ళలోపు ఏమీ రాదు. ఐదేళ్ళ వరకు అందులో మూడో వంతు, పదేళ్ళ వరకు మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండాకే పూర్తి మొత్తం. అయితే హక్కు వేరు, డబ్బు వేరు. 2016లో అక్కడి పెద్ద నిర్మాణ సంస్థలు జీతాలు ఆపేసినప్పుడు వేలాది భారతీయులు శిబిరాల్లో చిక్కుకున్నారు. రావలసినది కాగితం మీద ఉంది, కంచంలో అన్నం లేదు. మన విదేశాంగ సహాయ మంత్రి స్వయంగా వెళ్ళవలసి వచ్చింది. బకాయిలను నమోదు చేయించి తిరిగి రావడమే అప్పుడు చాలామందికి దారి అయింది. ఇచ్చేవాడి చేయే ఖాళీ అయినప్పుడు ఎంత ఆగినా ఫలితం ఉండదు.

అందుకని మనం నాలుగు పనులు చేయాలి. నోటి మాటను నమ్మక, ఇస్తామన్నది తేదీతో సహా కాగితం మీద తీసుకోవాలి. అప్పు వ్యవహారాన్ని సైతం వ్రాసుకోమని దివ్య ఖుర్ఆన్ ఆదేశించిందని మనకు తెలుసు. జీతం చీటీలను, నియామక పత్రాన్ని ఇంట్లో భద్రపరచుకోవాలి. ఎన్నాళ్ళు ఆగాలో ముందే గడువు పెట్టుకొని, ఆ గడువులో వేరే పని వెదకాలి. ఒంటెను కట్టేసిన తర్వాతనే తవక్కుల్. ఇక, భార్యతో, తల్లిదండ్రులతో మష్వరా చేయాలి. పనిపోయిన సంగతి దాచిపెట్టి రోజూ టిఫిన్ బాక్సుతో బయలుదేరే యువకులు ఉన్నారు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. సిగ్గుపడవలసింది ఇవ్వవలసినది ఎగ్గొట్టేవారు.

ఈ చివరి మాట మనకూ తగులుతుంది. మనలోనూ దుకాణాలు, వర్క్‌షాపులు నడిపేవారు ఉన్నారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) బోధను మనం తరచూ చెప్పుకుంటాం. పదేళ్ళు పనిచేసిన కుర్రాణ్ణి "రేపటి నుంచి రాకు" అన్నప్పుడు అతని చేతిలో ఏం పెట్టామో కూడా ఒకసారి లెక్క చూసుకుందాం.